మన పేరులోనే ఎరుక ఉంది

కూచిపూడి అనగానే లోకానికి నాట్యం గుర్తొస్తుంది. మొవ్వ, పామర్రు, చల్లపల్లి పక్క పల్లెల్లో పుట్టి పెరిగిన మనకు దానితోపాటు ఇంకో సంగతి గుర్తుండాలి. తెలుగు యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర చాలా పాతది. చంకలో బుట్ట, చేతిలో కోల, నోట సోది. శ్రీనివాసుడంతటివాడు పద్మావతి పెళ్లి మాట కదపడానికి సోదెమ్మ వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్లాడని తిరుమల కథలో వింటాం. ఎరుకలసాని వచ్చిందంటే రాణి కూడా కూర్చోబెట్టి చెయ్యి చాపుతుంది. ఎందుకంటే ఆమెకు తెలుసు. ఎరుక అంటే తెలియడమే. మన తెగ పేరును పెద్దలు ఆ మాటతోనే ముడిపెట్టి చెబుతారు.

కథలో దొరికిన ఆ మర్యాద ఊళ్లో దొరకలేదు. తెలిసినదని రాణి చెయ్యి చాపిన ఆ మనిషి పిల్లలకు బడి అరుగు మీద చోటు లేదు. ఆ చోటు ఎలా పోయింది, మళ్లీ ఎలా దొరికింది, దొరికిన చోటును నిలబెట్టుకోవడానికి మన కాలేజీ పిల్లలు ఏం చేస్తున్నారు, ఇంకా ఏం చేయాలి? ఆగస్టు 31 విముక్త దినం సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఇదే. నాయకుల చరిత్ర చాలామంది రాశారు. మేము ఒక అలవాటు చరిత్ర రాస్తున్నాం. ముందు చదివినవాడు వెనక వచ్చినవాడి పక్కన కూర్చుని, తనకు తెలిసింది చెప్పే అలవాటు అది.

ఇసుకలో ఓనమాలు

ఈ అలవాటు మనకు బయటినుంచి వచ్చిందని కొందరు అనుకుంటారు. పెద్ద కాలేజీల్లో దానికి ఇంగ్లీషు పేర్లు ఉన్నాయి కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి కథ తిరగబడి ఉంది.

వందల ఏళ్లుగా తెలుగు ఊళ్లలో వీధిబడులు ఉండేవి. ఒక ఇంటి అరుగు, ఒక అయ్యవారు, నేల మీద పరచిన ఇసుక. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దుకునేవారు. అయ్యవారు ఒక్కడే, పిల్లలు పదిమందికి పైనే. అందుకని కాస్త ముందున్న పిల్లవాడు వెనకున్నవాళ్ల చేత దిద్దించేవాడు, ఎక్కాలు వల్లె వేయించేవాడు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాజధానిలోని జిల్లాలన్నిటా బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823లో జవాబు పంపాడు. ఈయన తెలుగు వ్యాకరణం రాసినవాడు కూడా. తన జిల్లాలో 533 బడులు ఉన్నాయని లెక్క చెప్పి, ఈ బడుల్లో మెచ్చుకోదగ్గది ఒకటుందని రాశాడు. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెబుతున్నారు, అలా చెప్పడం వల్ల తమకు వచ్చింది గట్టిపరచుకుంటున్నారు, ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం తగిన పనే అన్నాడు.

ఇంగ్లండు అనుకరించడం అంటే ఏమిటి? అంతకు ముప్ఫై ఏళ్ల ముందు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలల బడిని నడిపేవాడు. ఒకరోజు దారిలో పోతూ స్థానిక బడిపిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పమంటే కింది ఉపాధ్యాయుడు ఒప్పుకోలేదు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాడు జాన్ ఫ్రిస్కెన్‌కు ఆ పని అప్పగించాడు. ఆ పిల్లవాడు చిన్నవాళ్లకు అక్షరాలు నేర్పేశాడు. బెల్ 1797లో లండన్‌లో ఈ సంగతి పుస్తకంగా వేశాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు వచ్చింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆయన డబ్బుతో పెట్టిన బడికి ఇప్పటికీ 'మద్రాస్ కాలేజ్' అనే పేరు.

అంటే పిల్లలు పిల్లలకు చెప్పే చదువు ఈ దక్షిణాది అరుగుల మీదనుంచే లండన్ దాకా వెళ్లింది. ఇది గర్వపడాల్సిన సంగతే. కానీ మన పిల్లలు ఆ అరుగు మీద లేరు. అరుగు ఎవరి ఇంటిదో బట్టి ఎవరు ఎక్కవచ్చో ఊరు నిర్ణయించేది. ఆ రోజుల్లో మనవాళ్లలో ఉప్పు ఎరుకలు గాడిదల మీద, ఎడ్ల మీద తీరం ఉప్పును మెట్ట ఊళ్లకు చేరవేసి ధాన్యం తెచ్చేవారు. దబ్బ ఎరుకలు వెదురు చీల్చి తట్టలు అల్లేవారు, ఈత ఎరుకలు ఈతాకుతో బుట్టలు అల్లేవారు. అక్షరం లేకపోయినా ఈ పనులన్నిటికీ లెక్క కావాలి, దారి తెలియాలి, సరుకు మంచిచెడ్డలు తెలియాలి. అదంతా పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? అక్క పక్కన కూర్చుని. అక్క బుట్ట అడుగు వేసి ఇస్తుంది, చెల్లెలు నాలుగు వరసలు అల్లుతుంది, తప్పితే అక్క ఆ ఒక్క వరస ఊడదీసి మళ్లీ అల్లిస్తుంది. అరుగు మీదికి రానివ్వకపోయినా ఆ పద్ధతి మన గుడిసెల్లోనూ ఉంది.

పుట్టుకకు తగిలించిన పేరు

రైళ్లు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక మన ఎడ్లకూ గాడిదలకూ పని పోయింది. తిరిగే మనుషులంటే తెల్ల సర్కారుకు అనుమానం. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక మనిషి ఏం చేశాడని కాదు, ఎవరికి పుట్టాడని చూసి పేరు రాసుకునే చట్టం అది. వేలిముద్రలు తీసుకోవడం, ఊరు దాటితే చెప్పి వెళ్లమనడం, పోలీసు లెక్కకు హాజరు కమ్మనడం, సెటిల్‌మెంటుల్లో పెట్టడం అన్నీ అందులో ఉన్నాయి. పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం కూడా సర్కారుకు ఇచ్చింది.

1913లో బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు ఏర్పడింది. దానికి మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి స్టూవర్టుపురం అన్నారు. బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంటు నడిచింది. ఇవాళ ప్రకాశం బ్యారేజీ మీదుగా కాలేజీ బస్సుల్లో అటూ ఇటూ తిరిగే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

సెటిల్‌మెంటులో బడి ఉండేది. మన తాతల్లో కొందరు తొలి అక్షరం అక్కడే దిద్దారు, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ ఆ బడికి వచ్చే పిల్లవాడిని చదువుకునేవాడిగా చూడలేదు, దిద్దాల్సినవాడిగా చూశారు. తల్లిదండ్రుల నీడ పడకుండా కాపాడాల్సినవాడిగా చూశారు. చదువూ అవమానమూ ఒకే గిన్నెలో పెట్టి వడ్డించారు.

ఈ చట్టం మీద పోరాటం మన సీమలోనే గట్టిగా జరిగింది. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం, ఎరుకల కోసం, ఈ ముద్ర పడిన తెగలన్నిటి కోసం జీవితమంతా పనిచేశారు. 1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా ఖండించారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ దేశమంతటా రద్దు చేయమని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న అది జరిగింది. మనం విముక్త దినం జరుపుకునేది అందుకే.

చట్టం పోయినా పేరు పోలేదు. 1970ల్లో కూడా స్టూవర్టుపురం అంటే జనం చూపు మారేది. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం అక్కడికి వెళ్లి మన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. లవణం తండ్రి గోరా 1940లో ఆ కేంద్రాన్ని మొదలుపెట్టింది కూడా మన కృష్ణా జిల్లా పల్లె ముదునూరులోనే.

ఈ కథంతా కాలేజీ చదువు గురించి రాస్తూ ఎందుకు చెబుతున్నామంటే, మన పిల్లలు కాలేజీలో మొదట ఎదుర్కొనేది పాఠం కాదు, పేరు. పాత చట్టం పుట్టుకను చూసి పేరు పెట్టింది. ఇప్పుడు మార్కుల జాబితా చూసి 'వీక్ స్టూడెంట్' అని ఇంకో పేరు పెడతారు. ఆ రెండు పేర్లూ ఒకే పిల్లవాడి నెత్తిన పడినప్పుడు వాడు పెట్టె సర్దుకుంటాడు.

హాస్టల్ గదిలో ఒక రాత్రి

షెడ్యూల్డ్ తెగల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1948-49లో మొదలైంది. హాస్టళ్లు, ఆశ్రమ బడులు, గురుకులాలు ఆ తరవాత ఒక్కొక్కటే వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1961 జనాభా లెక్కల నాటికి గిరిజనుల్లో అక్షరాస్యులు 4.41 శాతం. 1991లో 17.16 శాతం. 2001లో 37.04 శాతం. 2011లో 49.21 శాతం. ఈ అంకెలను ఒకసారి మెల్లగా చదవండి. మీ తాత బడికి వెళ్లే వయసులో వందమంది గిరిజనుల్లో నలుగురైదుగురికే చదవడం, రాయడం వచ్చు. మీలో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు అంటే కారణం మీ ఇల్లు కాదు, ఈ చరిత్ర.

ఇంట్లో మొదటివాళ్లం కావడం వల్ల నష్టం ఎక్కడ ఉంటుందో మాకు తెలుసు. ఫీజు దగ్గర కాదు, దానికి ఏదో ఒక పథకం ఉంటుంది. అడగడానికి మనిషి లేకపోవడం దగ్గర ఉంటుంది. లెక్చరరు కొడుకు ఇంటికి వెళ్లి నాన్నను అడుగుతాడు. మనం ఎవరిని అడగాలి?

మాలో ఒకతని సంగతి చెబుతాం. కూచిపూడి దగ్గర పల్లె. అమ్మ ఈతబుట్టలు అల్లేది, నాన్న పందులు మేపేవాడు. ఇంట్లో మాట కుర్రు భాష, బడిలో చదువు తెలుగు. ఇంటర్ తెలుగు మాధ్యమంలో మంచి మార్కులతో పాసై విజయవాడలో బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరాడు. అక్కడ పాఠమంతా ఇంగ్లీషు. మొదటి సెమిస్టర్ పేపరు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఇంటర్నల్ పరీక్షలో ఇరవైకి మూడు వచ్చాయి. పేపరు చేతికిస్తూ ఒక సారు, "మీకెందుకయ్యా మ్యాథ్సు, సీటొచ్చిందని చేరిపోవడమేనా?" అన్నారు. క్లాసు నవ్వింది.

ఆ రాత్రి హాస్టల్లో పెట్టె సర్దాడు. తెల్లారగానే బస్టాండుకు వెళ్లి, ఉయ్యూరు, పామర్రు మీదుగా ఇంటికి పోవాలనుకున్నాడు. గదిలో ఉన్న మూడో సంవత్సరం అన్న చూశాడు. అతను ఎ.కొండూరు వైపు లంబాడా తండా నుంచి వచ్చినవాడు. ఉండిపొమ్మని బతిమాలలేదు, ధైర్యం చెప్పలేదు.

"పొద్దున బస్సుకు పోదువుగానీ. ఎక్కడ ఆగిపోయావో ఆ ఒక్క ప్రశ్న చూపించు" అన్నాడు.

ప్రశ్నలో లెక్క పెద్దదేం కాదు. 'ఎలిమినేటింగ్ ఆర్బిట్రరీ కాన్‌స్టంట్స్' అనే మాట దగ్గర మనవాడు ఆగిపోయాడు.

"స్థిరాంకాలను తొలగించి సమీకరణం రాయమంటే రాస్తావా?"

"రాస్తానన్నా. ఇంటర్లో చేశాం."

"ఇదదే. అవకలన సమీకరణాలు చదివావా?"

"టూ-బీలో ఉంది కదన్నా. డెబ్బై అయిదుకు డెబ్బై ఒకటి వచ్చాయి నాకు."

"డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటే అదేరా. సమాకలనం, ఇంటిగ్రేషన్ కూడా ఒకటే. గుర్తు చూసి చేస్తున్నావు, మాట వినగానే వదిలేస్తున్నావు."

ఆ రాత్రి ఇద్దరూ కలిసి నోటుబుక్కు మధ్యలో గీత గీసి, ఒక పక్క తెలుగు మాట, ఇంకో పక్క ఇంగ్లీషు మాట రాసుకుంటూ పోయారు. తెల్లారేసరికి నాలుగు పేజీలు అయ్యాయి. బస్సు వెళ్లిపోయింది, మనవాడు వెళ్లలేదు. సెమిస్టర్ చివర ఆ పేపరు పాసయ్యాడు. ఆ నాలుగు పేజీలు తరవాతి ఏడాది కొత్తగా వచ్చిన ముగ్గురికి జిరాక్సు తీయించి ఇచ్చాడు. ఇవాళ అతను ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు.

అతనికి లెక్క రాక కాదు. వచ్చిన లెక్కకు పేరు మారింది, అంతే. లెక్చరరుకు ఆ సంగతి కనిపించలేదు, ఎందుకంటే ఆయన ఆ దారిన రాలేదు. రెండేళ్ల ముందు అదే గోతిలో పడి లేచినవాడికే గొయ్యి ఎక్కడుందో కనిపిస్తుంది. తోటి విద్యార్థి చెప్పే చదువుకు ఉన్న బలం ఇదే. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాయి. అంటే ఈ గొయ్యి ఇప్పుడు ఇంకా ఎక్కువమంది దారిలో ఉంది.

కష్టమైనది మనిషి కాదు, పేపరు

మన హాస్టళ్లలో అన్నలు, అక్కలు పేరు పెట్టకుండా చేసిన పనిని వేరే దేశాల్లో పరిశీలించి పద్ధతిగా నడిపినవాళ్లు ఉన్నారు. వాళ్లు తెలుసుకున్న మూడు సంగతులు మనకు పనికొస్తాయి.

మొదటిది 1973 నాటిది. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ అనే ఆమె ఒక ఏర్పాటు చేసింది. వెనకబడిన విద్యార్థులు ఎవరని వెతకలేదు. ఎక్కువమంది తప్పే పేపరు ఏదని వెతికింది. ఆ పేపరు ముందు బాగా చదివిన విద్యార్థి మళ్లీ అదే క్లాసులో కూర్చుంటాడు, వారంలో కొన్నిసార్లు బయట అందరితో కలిసి ఆ పాఠం నెమరేయిస్తాడు. ఇష్టమున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. బాగా వచ్చినవాడూ వస్తాడు, రానివాడూ వస్తాడు, కాబట్టి అక్కడికి వెళ్లడం నామోషీ కాదు. ఈ పద్ధతి తరవాత చాలా దేశాలకు పాకింది. మన చరిత్ర తెలిసినవాళ్లకు దీని విలువ వెంటనే అర్థం కావాలి. మనిషి మీద వేసే ముద్రను తీసి పేపరు మీద వేశారు.

రెండోది కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1970ల్లో జరిగింది. యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కల పరిశోధకుడికి ఒక ప్రశ్న వచ్చింది. స్కూల్లో బాగా చదివిన నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారు? ఇళ్లలో చదువు లేక, పట్టుదల లేక అని అందరూ అనుకునేవారు. ఆయన 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా మూలాల విద్యార్థులను దగ్గరుండి గమనించాడు. అందరూ అనుకున్న కారణాలు నిలబడలేదు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా పిల్లలు విడిగా చదివి, సాయంత్రం ఒకచోట చేరి జవాబులు పోల్చుకుంటున్నారు, పాత ప్రశ్నపత్రాలు చేస్తున్నారు, ఒకరినొకరు ప్రశ్నించుకుంటున్నారు. ట్రైస్‌మన్ గుంపు చదువుకు ఏర్పాటు చేశాడు. అందులో తేలిక లెక్కలు ఇవ్వలేదు, క్లాసులో కంటే కష్టమైనవే ఇచ్చాడు. వచ్చినవాళ్లను గట్టివాళ్లుగా చూశాడు. ఫలితాలు బాగా మారాయి.

మూడోది 1982లో వచ్చింది. కోహెన్, కులిక్ దంపతులు కలిసి విద్యార్థులే విద్యార్థులకు చెప్పిన 65 ఏర్పాట్ల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. నేర్చుకున్నవాళ్లకే కాదు, చెప్పినవాళ్లకూ ఆ సబ్జెక్టులో లాభం కనిపించింది. 1823లో క్యాంప్‌బెల్ వీధిబడి గురించి రాసింది గుర్తు తెచ్చుకోండి. చెప్పేవాడికి తనకు వచ్చింది గట్టిపడుతుంది. "జూనియర్లకు చెబుతూ కూర్చుంటే నా చదువు పాడవుతుంది" అనే సీనియర్లకు ఇది జవాబు.

ఒక హెచ్చరిక కూడా చరిత్రలోనే ఉంది. మద్రాసు పద్ధతి ఇంగ్లండు వెళ్లాక అక్కడ దాన్ని చవక బడికి వాడుకున్నారు. ఒక్క మాస్టారిని పెట్టి, వందలమంది పిల్లలను పిల్లల చేతే చెప్పించారు. అది తోడు కాదు, మాస్టార్ల జీతం మిగుల్చుకోవడం. కాబట్టి మనం తోటివాళ్లకు చెబుతున్నామని కాలేజీ తన పని మానుకోకూడదు. ఖాళీగా ఉన్న పోస్టులు నింపమని అడగాలి, బ్రిడ్జి క్లాసులు పెట్టమని అడగాలి, అవమానించే మాట వస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అన్న పక్కన కూర్చోవడం లెక్చరరుకు బదులు కాదు.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ

మన సంఘంలో చదువుకుంటున్నవాళ్లను మేము అడిగేది పెద్ద కార్యక్రమం కాదు. బ్యానరు వద్దు, ప్రారంభోత్సవం వద్దు. విజయవాడలోనో మచిలీపట్నంలోనో మీరున్న హాస్టల్లో, గదిలో ఈ పనులు చేయండి.

సెమిస్టర్ మొదలైన రెండో వారంలోనే మీ కోర్సులో ఎక్కువమందికి బ్యాక్‌లాగ్ మిగిల్చే పేపరు ఒకటి గుర్తించండి. ఆ పేపరు పాసైన సీనియర్‌ను వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున అడగండి. అయిదారుగురికి మించకుండా కూర్చోండి. మన తెగవాళ్లే ఉండాలని లేదు. ఆ రాత్రి మనవాడిని ఆపింది తండా అన్న. యానాది పిల్లవాడు వస్తే పక్కకు జరిగి చోటివ్వండి, ఇంకెవరు వచ్చినా ఇవ్వండి. అరుగు మీద చోటు లేకపోవడం అంటే ఏమిటో మనకు తెలుసు.

చెప్పేవాళ్లకు ఒక మాట. మొదటినుంచి పాఠం చెప్పకండి, ఎక్కడ ఆగారో అడగండి. "ఇది చాలా ఈజీ" అనకండి, ఆ మాట రానివాడిని ఇంకా చిన్నబుచ్చుతుంది. పెన్ను మీ చేతిలో కాదు, వాళ్ల చేతిలో ఉండాలి. తప్పిన వరస ఒక్కటే ఊడదీసి మళ్లీ అల్లించండి, బుట్టంతా మీరే అల్లి ఇవ్వకండి. మీకు తెలియనిది వస్తే తెలియదని చెప్పి, మర్నాడు అందరూ కలిసి లెక్చరరును అడగండి. తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కన రాసుకున్న పట్టిక ప్రతి పేపరుకూ తయారుచేసి వెనకవాళ్లకు వదిలి వెళ్లండి.

చదువంటే పాఠం ఒక్కటే కాదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, కులధ్రువీకరణ పత్రంలో పేరు తప్పుపడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, హాజరు 75 శాతం కంటే తగ్గితే ఏమవుతుంది, సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీ ఎప్పుడు అనేవి తెలియక ఆగిపోయిన చదువులు పేపరు తప్పి ఆగిపోయిన చదువుల కంటే తక్కువేం కాదు. ఇవి చెప్పడానికి మంచి మార్కులు అక్కర్లేదు. ఒక ఏడాది ముందు ఆ కిటికీ దగ్గర నిలబడి ఉంటే చాలు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కాలేజీ అయ్యాక చీకటి పడే గ్రూపు చదువుకు వాళ్లను ఇంట్లో పంపరు. అందుకని వాళ్ల హాస్టల్లోనే, వాళ్ల సమయానికే అక్కల చేత జరిపించండి. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు వాళ్ల అమ్మానాన్నలతో ఆ అక్కలనే మాట్లాడించండి. చదువుతున్న అమ్మాయి ఎదురుగా కూర్చుని చెబితే వినే తల్లిదండ్రులు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు.

మళ్లీ కూచిపూడికి వద్దాం. అక్కడ గురువు తాళం వేస్తుంటే పెద్ద శిష్యులు ముందు నిలబడి అడుగు వేసి చూపిస్తారు, చిన్నవాళ్లు వెనకనుంచి చూసి కాలు కదుపుతారు. ఆ విద్య కూడా చాలాకాలం కొన్ని కుటుంబాల మగపిల్లలకే పరిమితమై ఉండేది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువులు ఆడవాళ్లకు నేర్పారు, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరికో నేర్పారు. అలా నేర్పబట్టే కూచిపూడి పేరు ప్రపంచమంతా వినిపించింది. ఎవరి దగ్గరైనా ఆగిపోయిన విద్య అక్కడితో చిన్నదవుతుంది.

ఈ ఏడాది మన పల్లెలనుంచి మళ్లీ కొంతమంది డిగ్రీలో, ఇంజినీరింగులో, నర్సింగులో చేరారు. వాళ్లలో ఎవరో ఒకరు ఈపాటికి ఏదో హాస్టల్ గదిలో పెట్టె వైపు చూస్తూ ఉండి ఉంటారు. మీరు అదే హాస్టల్లో ఉంటే తలుపు తట్టండి. ఎక్కడ ఆగారో ఆ ఒక్క ప్రశ్న చూపించమనండి. మన నానమ్మలు ఇంటింటికీ వెళ్లి ఎరుక చెప్పారు. మనం పక్కగదికి వెళ్లి చెప్పలేమా?